జాబితాలో కొట్టేసిన పేరు

1958 జూన్. నల్లగొండ సెషన్స్ కోర్టులో వకీలుగా నాకది పదకొండో ఏడు. దేవరకొండ వైపు పల్లెకు చెందిన గొర్రెల కాపరి లింగయ్య బోనెక్కాడు. బావి నీళ్ల తగాదాలో దాయాదిని చంపాడని అభియోగం. అతని తరఫు వకీలును నేను.

లింగయ్య చెప్పేది ఒక్కటే. ముందటి ఏడు తొలకరిలో హత్య జరిగిన రాత్రి, తన మంద మూడు కోసుల దూరంలో సుగుణమ్మ చేనులో ఉంది. మా వైపు ఎరువు కోసం మందను చేనులో నిలిపించుకుంటారు. మంద నిలిచిన రాత్రి కాపరికి బువ్వ పెట్టేది చేను వారే. సుగుణమ్మే స్వయంగా బువ్వ పట్టుకుపోయింది. వాన పట్టుకోవడంతో తెల్లవారేదాకా లింగయ్య ఉన్న గుడిసెలోనే ఆగిపోయింది. నేరం జరిగిన వేళ నిందితుడు మరొకచోట ఉన్నాడని రుజువు చేయడాన్ని అలిబీ అంటాం. అంతకన్న గట్టి అలిబీ నా చేతికి ఎన్నడూ రాలేదు.

సుగుణమ్మ వితంతువు. అంతకు రెండేళ్ల ముందు మరిదితో నడిచిన భూమి దావాలో ఆమె నా కక్షిదారు. దావా గెలిచాక కూడా నేను ఆ ఊరికి వెళ్తూనే ఉన్నాను. నా భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. మా మధ్య పెళ్లి మాట నడుస్తోందని మూడో మనిషికి తెలియదు. ఆమె బోనెక్కితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి వకీలు గుచ్చి అడిగే ప్రశ్నల్లో, ముందు ఆ రాత్రి సంగతి వస్తుంది. వెనకే నా రాకపోకల సంగతీ వస్తుంది. డిఫెన్స్ సాక్షుల జాబితాలో ఆమె పేరు రాసి, కొట్టేశాను.

జైలులో లింగయ్య అడిగాడు: "సారూ, గామెను పిలిపియ్యరాదు? గామె అబద్ధమాడది."

"ఆమె అక్కర లేదు లింగయ్యా. పోలీసుల సాక్ష్యం నిలువది."

నిలిచింది. సెప్టెంబరు 19, శుక్రవారం నాడు యావజ్జీవ శిక్ష పడింది.

మరునాడే సుగుణమ్మ బస్సు దిగి నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోలేదు.

"నన్నెందుకు పిలువలే?"

"నీ పేరు బజార్ల పడతదని."

"నన్నొక్క మాట అడిగిన్రా? నా పేరు గాదు, మీ నల్లకోటు మాసిపోతదని బుగులు వడ్డరు."

ఆ వారమే వకాలతు వదులుకుని, అప్పీలును మరో వకీలుకు అప్పగించాను. సాక్షిని నా స్వార్థం కోసమే దాచానని ప్రమాణపత్రం రాసిచ్చాను. ఆమె సాక్ష్యం తీసుకోవలసిందిగా హైకోర్టు నల్లగొండకు ఉత్తర్వు పంపింది. 1959 నవంబరులో ఆమె బోనెక్కింది. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.

"చీకట్లో ఒక్కదానివే చేనుకు ఎందుకు పోయావు?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"బువ్వ దానంతటదే నడిచిపోదు గద సారూ!"

కోర్టు నవ్వింది. ఆయన ఒకసారి నా వైపు చూసి, "లింగయ్య పాత వకీలుతో నీకేం సంబంధం?" అన్నాడు.

"పెండ్లి మాటుండె. ఇప్పుడు లేదు."

నన్ను చూడకుండానే చెప్పింది.

1960 జనవరిలో, శిక్ష పడిన పదహారు నెలలకు, లింగయ్య హైకోర్టులో నిర్దోషిగా విడుదలై తన కాగితాల కోసం నా దగ్గరికి వచ్చాడు. మంద ఏమైందని అడిగాను.

"మేపెటోళ్లు లేక ఇంటోళ్లు అమ్ముకున్నరు సారూ. ఇగ కూలికి పోవుడే."

ఆ జాబితా నా కట్టల్లో ఇప్పటికీ ఉంది; గీత కింద ఆమె పేరు స్పష్టంగానే కనబడుతుంది. సాక్షి పేరు కొట్టేసే ముందు సాక్షిని అడగాలి. వృత్తిలో చేరిన మొదటి రోజే తెలిసి ఉండవలసిన సంగతి ఇది. నాకు తెలియడానికి లింగయ్య మంద పోవలసి వచ్చింది.