మూట కదిలిందన్నాను

నేను ధర్మవరానికి కాపురానికి వచ్చిన నాలుగో ఏట, పెనుకొండ దారిలో వంతెన కడుతున్నారని, పునాదిలో బలివ్వడానికి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఊరంతా పుకారు. గోనెమూటతో వచ్చేవాణ్ణి నమ్మొద్దని మా అత్త రోజూ చెప్పేది.

ఒక మధ్యాహ్నం వాకిట్లో పట్టుదారం చుడుతున్నాను. మూడేళ్ళ నా కూతురు పక్కనే ఆడుకుంటోంది. లోపలికెళ్ళి పొయ్యి మీది సంకటి కెలికి వచ్చేసరికి పాప లేదు. పిలిస్తే పలకలేదు. వీధి చివర ఒక మనిషి, భుజాన గోనెమూటతో, స్టేషన్ వైపు తిరుగుతున్నాడు.

నా కేకలకి మగ్గాల మీదున్నవాళ్ళంతా లేచి వచ్చారు. మూట మనిషి పోయిన వైపు చూపించాను.

"మూట కదిలిందామ్మా?" అని అత్త అడిగింది.

"కదిలింది. కాలితో తన్నినట్టు కదిలింది."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. గోనెలోంచి చిన్న కాలు తన్నడం నాకు నిజంగానే కనబడింది.

అతన్ని స్టేషన్ దగ్గర పట్టుకుని మా వీధికి లాక్కొచ్చారు. అప్పటికే పెదవి పగిలి ఉంది.

"పాపను యాడ పెట్టినావు?" అన్నాడు నా భర్త.

"నాకేం తెలీదప్పా. హిందూపురం నుంచి చింతపండు తెచ్చి అమ్ముకుంటాండా."

మూట తిరగేశారు. చింతపండే పడింది. అయినా ఎవరూ వదల్లేదు. "దోవలో ఇంకొకనికి ఇచ్చేసింటాడు," అన్నారెవరో. మళ్ళీ కొట్టారు. ప్రతి దెబ్బకీ అతను నిజం చెప్పేస్తాడని ఎదురుచూశాను.

అంతలో పక్కింటామె పాపను ఎత్తుకుని వచ్చింది. వాళ్ళింట్లో ఖాళీగా ఉన్న మగ్గం కింద, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంతలో నిద్రపోయిందట.

గుంపు చెదిరింది. అతను మట్టిలో చింతపండు ఏరుకుంటూ నన్ను అడిగాడు.

"కదిలిందని ఎట్ల చెప్పినావమ్మా?"

చూశాను గనక, అనబోయాను. మూట కళ్ళెదుటే ఖాళీగా పడుంది, కూతురు చంకలో ఉంది, అయినా గోనెలో కాలు తన్నడం మునుపటంత స్పష్టంగా కనిపిస్తోంది. పాప కనిపించనప్పటికంటే అప్పుడే ఎక్కువ భయపడ్డాను.

నా భర్త ఆ మూట తనే మోసుకుని అతన్ని రైలెక్కించి వచ్చాడు. అతను మళ్ళీ మా వీధికి రాలేదు.

కొన్ని నెలలకు ఎదురింట్లో ఇత్తడి బిందె పోయింది. "వాకిట్లోనే ఉంటివి గదా, ఎవరన్నా పోతాంటే చూసినావా?" అని అడిగారు. ఒక మనిషి వెళ్ళడం చూశాను. చేతిలో ఏముందో గుర్తు తెచ్చుకోబోతే బిందె మెరిసింది.

ఎవరినీ చూడలేదని చెప్పి తలుపు వేసుకున్నాను.