దిబ్బ మీది తీతువు

ఎండాకాలంలో మా ఊరి చెరువును చూస్తే నాకు జాలి కాదు, కోపం వచ్చేది. అంత పెద్ద చెరువు గుక్కెడు నీళ్లు లేకుండా నెర్రెలు విచ్చి పడి ఉండేది. నలభైల నాటి మాట ఇది. మా ఊరు వరంగల్ నుంచి పరకాల పోయే బండిబాట పక్కన ఉండేది. చెరువు నడుమ ఒక రాతిదిబ్బ, దాని మీద నాలుగు రేగుపొదలు, ఎండుగడ్డి, ఒకటో రెండో తొండలు. వానలు గట్టిగా పడితే చుట్టూ నీళ్లు చేరి అది లంక అయ్యేది.

ఆ దిబ్బ మీద ఒక తీతువు పిట్ట ఏటా గుడ్లు పెట్టేది. అది కూస్తే కీడని ఊరంతా భయపడేది గానీ, మా నాయనమ్మకు దాని మీదే గురి. గుడ్లు దిబ్బ నెత్తిన పెడితే చెరువు నిండుతుందని, అడుగున పెడితే వానలు అంతంతమాత్రమేనని ఆమె నమ్మకం. నిండుతుందనుకుంటే మెరక చెలకలో, నిండదనుకుంటే చెరువు కడుపులోని మెత్తటి నేలలో నువ్వులు చల్లేది. విత్తనం ఒక్క కుండే. రెండు చోట్లకు చాలదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆమె మోకాళ్లు పట్టేశాయి.

“జర దిబ్బెక్కి సూసి రా బిడ్డా, గుడ్లు యాడ పెట్టిందో,” అంది.

సగం ఎక్కానో లేదో, తీతువు అరుస్తూ నా నెత్తి మీదికి దూసుకొచ్చింది. రెండోసారి దాని రెక్క జుట్టుకు తగిలింది. నేను ఒకటే పరుగు. పిట్టకు భయపడ్డానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది.

“అడుగునే పెట్టింది నాయినమ్మా,” అన్నాను.

ఆమె ఇంకో మాట అడగలేదు. తొలకరి పడగానే కుండెడు విత్తనమూ చెరువు కడుపులో చల్లేసింది.

ఆరుద్ర కార్తెలో ముసురు పట్టింది. ఐదో రోజు తెరిపిచ్చాక ఇద్దరం కట్ట మీదికి పోయాం. అబ్బ, ఆ దిబ్బేనా అది! ఒళ్లంతా పచ్చగడ్డి. రేగుపొదల నిండా లేత చిగుళ్లు. నీటి అంచున కొంగలు బారులు తీరాయి. ఇన్నాళ్లూ ఏ మట్టిలో దాక్కున్నాయో, కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. కట్ట మీద మా కాళ్ల దగ్గర ఆరుద్ర పురుగులు ఎర్రటి మఖమల్ ముక్కల్లా పాకుతున్నాయి. అంత అందం నేను మళ్లీ చూడలేదు. మా నువ్వుల మొలకలు ఆ నీళ్ల కిందే ఉన్నాయని కాసేపు మరిచేపోయాను.

దిబ్బ నెత్తిన తీతువు నడుస్తోంది. వెనకే మూడు పిల్లలు, పుల్లల్లాంటి కాళ్లతో. నీళ్లు దిబ్బ సగం దాకా వచ్చాయి. గుడ్లు అడుగున ఉంటే ఆ పిల్లలు ఉండేవి కావు.

నాయనమ్మ కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

“పిట్టకు బుగులువడ్డవా?”

తలూపి, ఏడ్చేశాను.

“ఆ మాట అప్పుడే సెప్తే అయిపోతుండె గద, పొల్లా,” అంది. తిట్టలేదు. మళ్లీ దిబ్బ వైపు తిరిగి, “ఎంత తెలివే దీనికి!” అని మురిసిపోయింది. ఆ ఏడంతా మేం ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలికి పోయాం.

మరుసటి ఎండాకాలం ఆమె నన్ను పిలవలేదు. చేతులూ మోకాళ్లూ రాళ్లకు ఆనించి, ఆగి ఆగి తనే దిబ్బ ఎక్కింది. తీతువు ఆమె నెత్తి మీద అరుస్తుంటే నేను కింద నిలబడి చూశాను.