కారు బుర్రకు దిష్టి

నా రేడియో షాపులో ఉన్న వాల్వులన్నిటి మీదా ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

మా అక్క మొగుడు సింహాచలం బావ విశాఖలో ఒక విదేశీ ఇంజనీరుకు డ్రైవరు. ఓడలో దిగిన ఆ కారులో, ఇంజనుకు ఎప్పుడెంత పెట్రోలు అందాలో చెప్పే ఎలక్ట్రానిక్ డబ్బా ఒకటి ఉంది. ఆ కారు మొరాయించింది. శనివారం సాయంత్రానికి కదలకపోతే వేరే డ్రైవరును చూసుకుంటానన్నాడట దొర. రేడియోలు బాగుచేసేవాడికి డబ్బా ఒక లెక్కా అని బావ నాకు కబురంపాడు. ఇన్నాళ్ళూ నేను కోసిన కోతల ఫలితం.

శనివారం తెల్లవారుజామున తునిలో పాసింజరెక్కాను. ఆ వేళ కిటికీ పక్కన చోటు సులువుగానే దొరుకుతుంది. మంచులో తాటిచెట్లు నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి పోతున్నాయి. అనకాపల్లిలో ఎక్కిన బెల్లం వ్యాపారికి సంగతి చెప్పాను.

"కారుకి కూడా బుర్రెట్టీసినారేటి? మరి డ్రైవరేటి సేత్తాడు?" అన్నాడు.

విశాఖ స్టేషన్లో ఇడ్లీ తిని, సిటీబస్సులో వన్ టౌన్ చేరేసరికి తొమ్మిదైంది. సందు చివర హార్బరు. ఆ పొద్దుటి వెలుగులో ఓడలు నీళ్ళ మీద కాక గాలిలో వేలాడుతున్నట్టున్నాయి. కారు బావ ఇంటి ముందే ఆగిపోయి ఉంది.

లారీ బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశావా, బ్యాటరీ వైరు విప్పకుండా వెల్డింగు పెట్టించావా, లోపల నీళ్ళు కొట్టి కడిగావా అని వరసగా అడిగాను. ఇలాంటి డబ్బాలు చచ్చేది వీటివల్లే, లేదా వేడికీ కుదుపులకీ అని ఎప్పుడో పత్రికలో చదివాను. బావ దేనికీ ఒప్పుకోలేదు.

"గుడ్డెట్టి తుడవడమే గానీ, నాను సెంబుడు నీల్లు కూడా పొయ్యలేదు బామ్మర్దీ."

బ్యాటరీ వైరు విప్పి, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాను. తడి. నాలికకు తగిలిస్తే ఉప్పు. డబ్బాకు సరిగ్గా పైన ఒక ఎర్రగుడ్డ మూట వేలాడుతోంది. దిష్టి తగలకుండా మా అక్క కట్టిన కల్లుప్పు. సముద్రపు గాలికి అది చెమర్చి, చుక్కచుక్కగా డబ్బాలోకి దిగింది. డబ్బాకున్న వైర్ల ప్లగ్గు ఊడదీస్తే పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "మీ బావ ఉజ్జోగం సల్లగుండాలనే కట్టినాను తమ్ముడా," అంది.

స్పిరిట్‌తో, పాత టూత్‌బ్రష్‌తో పిన్నులు రుద్ది, డబ్బాను చాప మీద పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టాం. వంజరం చేపల పులుసుతో భోంచేసి, దాని పక్కనే కునుకు తీశాను. కలలో ఆ డబ్బా ఓడలతో వాటి భాషలో ఊసులాడుతోంది.

నాలుగింటికి బిగించాం. బావ తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. ఆ క్షణంలోనే హార్బరులో ఓడలన్నీ ఒక్కసారిగా కూతపెట్టాయి. బావ స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చాడు.

దొర అడిగితే సముద్రపు గాలని చెప్పమన్నాను, అందులో అబద్ధమేం లేదు కదా. ఇంతలో అక్క కొత్త మూట కట్టి తెచ్చింది.

"ఈసారి ఎక్కడ కట్టమంతావు?"

వెనక బంపరుకు కట్టమన్నాను.

సాయంత్రం బండిలో దువ్వాడ దాటుతుంటే, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న వైపు దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. నా పెదాల మీద ఇంకా ఉప్పుంది. ఆ ఊరు వెళ్ళినవాళ్ళు ఎంతో కొంత దాన్ని వెంట తెచ్చుకోక తప్పదు.

ఇక నిజం చెప్పేస్తాను. ఓడలు కూతపెట్టడం నా కల్పన. బావ ఏడవడం కూడా కల్పనేనని రాయమని బావ నన్ను బతిమాలాడు. సరే, అదీ కల్పనే.