బొడ్డమ్మ కత్తెర పెట్టిన గుమ్మడి పాదు

సుమ్మాదేవి స్టేషన్లో దిగి సముద్రం వైపు నడిస్తే, కొబ్బరితోటలు పలచబడి ఇసుక మొదలయ్యే చోట బొడ్డమ్మ గుమ్మడి పాదు ఉంటుంది. పాదులో బొడ్డమ్మ, బొడ్డమ్మ చేతిలో కత్తెర. భర్త వైకుంఠరావు మీసం దిద్దుకునే కత్తెర అది. జనవరి నుంచీ ఆయన మీసం అడవిలా పెరిగిపోయింది. పాదు మాత్రం పెళ్ళికొడుకులా ఉంది.

దీనంతటికీ కారణం నూకమ్మ నోరు. నూకమ్మ తీరం నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. నోరు కూడా ఆ తట్టంత ఉంటుంది. అమ్మవారి సంబరంలో దప్పళానికి గుమ్మడికాయలు ఇవ్వడం అత్తగారి కాలం నుంచీ బొడ్డమ్మ ఇంటి వంతు. పోయిన ఏడు పదకొండు కాయలు ఇచ్చింది. పదకొండూ కలిపినా ఒక మంచి కాయ కాలేదు. ఆఖరి బంతికి పులుసు అందింది గానీ ముక్క అందలేదు. ఆ బంతిలోనే కూర్చుంది నూకమ్మ.

"వదినా, దప్పళంలో గుమ్మడికాయ ఉందని సెప్పినారు. వల ఏసి సూసినాను. ఒక్క ముక్కా పడనేదు!"

బంతి బంతంతా నవ్వింది. వైకుంఠరావు కూడా నోట్లో ముద్ద పెట్టుకునే నవ్వాడు. బొడ్డమ్మ నవ్వలేదు.

"వచ్చే ఏడు ఒక్కటే కాయ తెత్తాను. ఆ ఒక్కటే ఆఖరి బంతి దాకా వత్తాది. రాకపోతే మా ఇంటి వంతు నీకు ఇచ్చీత్తాను. నువ్వే తెచ్చుకో!"

అన్నాక మరి చెయ్యాలి కదా. ఫోన్లో ఎవరో తెల్లాయన ఎడ్లబండంత గుమ్మడికాయ పక్కన నిలబడి మాట్లాడే వీడియో పట్టుకుంది. తొమ్మిదిసార్లు చూసింది. ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు, ఆయన కత్తెర మాత్రం పూర్తిగా అర్థమైంది. పాదుకి పెద్ద తీగ ఒకటే. దాని పక్కల పుట్టే పిల్ల తీగలు చేపముల్లులా అటూ ఇటూ పరుచుకోవాలి. రెండు బారలు సాగగానే వాటి కొసలు తుంచెయ్యాలి. పిల్ల తీగకి మళ్ళీ పిల్ల పుడితే పుట్టిన పూటే కోసెయ్యాలి. కణుపుల మీద ఇసుకా పెంటా కప్పితే అక్కడా వేళ్ళు దిగుతాయి, సముద్రపు గాలికి తీగ తిరగబడదు. పిందెలు ఎన్ని పడినా చివరికి ఒక్కటే ఉంచాలి.

ఈ ఆఖరి ముక్క దగ్గరే వైకుంఠరావుకి ఊపిరాడలేదు. కొబ్బరికాయ దింపే ముందు చెట్టుకి దండం పెట్టే మనిషాయన.

"ఓలమ్మా! పిందెలతో ఉన్న తీగని కోసీసినావేటే? సేతులెలా వచ్చినాయే నీకు?"

"ఒక కంచంలో తొమ్మిదిమంది సెయ్యెడితే నీకెంత మిగుల్తాది మావా?"

"కంచం కాదే, అది పాదు!"

"నోటికందేది ఏదైనా కంచమే. ఎల్లు, పెంట తే."

తుంచిన కొసలన్నీ నూకమ్మ తట్టలోకి వెళ్ళేవి, ఎండురొయ్యలతో కూరకి. ఆ వంకన రోజూ వచ్చి పిందె చూసుకునేది. చూపించాలంటే వేలు కొక్కెంలా ఒంచి మరీ చూపించేది. పిందెకి వేలు తిన్నగా చూపిస్తే కుళ్ళిపోతుందని ఆ ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. ఒంచిన వేలంటే దాని ఎదురుగా పిందె ఉన్నట్టే.

బొడ్డమ్మ రోజూ పొద్దున్నే కొబ్బరితాడుతో కాయ నడుము కొలిచి ముడి వేసేది. ముడికీ ముడికీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. పాదు దగ్గర ఆమె నడకే మారిపోయింది. సంబరం ఇంక నెల రోజులుందనగా ఎడం మూడు వేళ్ళయింది. తర్వాత రెండు. తర్వాత ఒకటి. నీళ్ళు చూసింది, ఆకులు తిరగేసింది, ఎలక బొరియలు వెతికింది. అన్నీ బాగానే ఉన్నాయి. అంటే తిండి ఎటో పోతోంది.

"మావా, ఈ పాదులో నాకు తెలీని నోరేదో ఉంది."

"ఏటో నాకేటి తెల్సు?" అన్నాడు వైకుంఠరావు, మీసం వెనక దాక్కుని.

"ఆ పెంటకుప్ప కాడేటుంది?"

"అక్కడా? అక్కడేటుంటాది, ఎండు కమ్మలు!" అని చెయ్యి చాపి చూపించాడు.

వేలు ఒంచి చూపించాడు.

బొడ్డమ్మ ఆ వేలు చూసింది. వైకుంఠరావు కూడా తన వేలు తానే చూసుకున్నాడు. గబుక్కున తిన్నగా చేశాడు. పిందె గుర్తొచ్చి మళ్ళీ ఒంచాడు. ఇంక దాచడానికేం మిగల్లేదు.

కమ్మల కుప్ప వెనక, కోసెయ్యమన్న పిల్ల తీగ ఒకటి పెంటలో వేళ్ళు దింపుకుని దర్జాగా పాకుతోంది. దాని మీద కాయ. బొడ్డమ్మ తాడు వేసింది. తన కాయ కంటే ఆరు వేళ్ళు ఎక్కువ.

"ఒక్కదాన్నే ఒగ్గీసినానే," అన్నాడు వైకుంఠరావు. "మనసొప్పనేదు. కావాలంటే దీన్ని కోసీ, నేనటు తిరిగి నిలబడతాను."

బొడ్డమ్మ తాడు ముడుల వైపు కాసేపు చూసింది. రెండు కాయలుంటే రెండూ చిన్నవే. ఒకటి పోవాలి. మూడు నెలలు పసిపిల్లలా సాకినది ఒకటి, దొంగచాటుగా పెరిగింది ఇంకొకటి. కత్తెర తీసుకుని తిన్నగా పెద్ద తీగ దగ్గరికి నడిచి, తన కాయనే తెంచేసింది.

"ఓలమ్మో!" వైకుంఠరావు ఇసుకలో కూలబడ్డాడు. "నీ కాయే అది!"

"తాడుకి మొగుడూ తెల్దు, పెళ్ళామూ తెల్దు. పెద్దది ఏదో అదే ఉంటాది. లే, దీని పక్క పిలకలు తుంచాల. నువ్వు ఇటు తిరిగే నిలబడు."

తెంచిన కాయ మూడు రోజులు కూరయింది, మూడు రోజులు పులుసయింది. రెండుపూటలా వైకుంఠరావు కంచంలో అదే.

సంబరం రోజున మిగిలిన కాయని చేపల వలలో పెట్టి నలుగురు మోసుకెళ్ళారు. జీడిపిక్కలు తూచే కాటా మీద ముప్పై ఎనిమిది కిలోలు తూగింది. అక్కడ ఇంకో చిక్కు. గుమ్మడికాయకి మొదటి కత్తి ఆడవాళ్ళు పెట్టకూడదు, ఆ ఇంటి మగాడే పెట్టాలి. బొడ్డమ్మ కత్తి తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"నావల్ల కాదే," అన్నాడాయన కత్తి వెనక్కి చాపి.

"దాయడం వల్లయింది గదా! కొట్టు మావా, గాడిపొయ్యి ఎలిగించీసినారు."

వైకుంఠరావు కాయకి దండం పెట్టి, కళ్ళు మూసుకుని కొట్టాడు. లోపల పసుపుముద్దలాంటి కండ, అరచెయ్యి నిలువునా మందం.

నూకమ్మ కావాలనే ఆఖరి బంతిలో, ఆఖరి ఆకు ముందు కూర్చుంది. బొడ్డమ్మ తనే బకెట్టు పట్టుకుని వచ్చింది. గరిట దించితే ముక్కలు. మళ్ళీ దించితే మళ్ళీ ముక్కలు. ఆకు మీద అన్నం కనిపించకుండా పోయింది.

నూకమ్మ ఒక ముక్క తిని, ఇంకోటి తిని, పొయ్యి దగ్గర మీసం తుడుచుకుంటున్న వైకుంఠరావు వైపు చూసింది.

"కాయ తనదేనని ఊరంతా సెప్పుకుంటన్నాడు మీ ఆయన. నిజమేనా వదినా?"

"పాదు నాది," అంది బొడ్డమ్మ. "దొంగతనం ఆయనది."

"అయితే వచ్చే ఏడూ దొంగతనం సేయమను," అని నూకమ్మ ఆకు ముందుకు జరిపింది. "ఎయ్యి, ఇంకో గరిట."