బండ దగ్గర దిగిపోయాను

తుంటి ఎముక విరిగిన మనిషికి ఏమేం కావాలో నాకు కంఠతా వచ్చు. హిందూపురంలో ముప్ఫై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. వాకరు, డైపర్లు, వీపు పుండ్లు పడకుండా గాలి పరుపు, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే సూదులు. వీటికోసం కొడుకులో కోడళ్లో మొదట్లో వారం వారం వస్తారు. కొందరు మూడో నెలలో రావడం మానేస్తారు. ఎందుకు మానేశారని నేను అడగను.

అలాంటి నేను యాభై ఎనిమిదేళ్ల వయసులో గేర్ల సైకిలెక్కి కొండదారుల్లో తిరిగానంటే అది ధైర్యం కాదు. మా బావ పిలిచాడు, కాదనలేకపోయాను.

బావ అంటే నా భార్యకు అన్న. నాకంటే మూడేళ్లు పెద్ద. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పదిహేనో ఏట మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు, నలభై ఏళ్లు నేశాక నడుము పట్టేసి లేవలేకపోయాడు. రోజూ ఒళ్లు కదిలించాలని డాక్టరు చెప్తే, నడక విసుగని, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన లావు టైర్ల సైకిలు ఒకటి తెచ్చుకున్నాడు. మొదట ఊరి చుట్టూ, తర్వాత తాడిమర్రి వైపు మట్టిరోడ్ల మీద తిరిగాడు. ఆరు నెలలకు నడుంనొప్పి సంగతి మరిచిపోయి కొండలు వెతుక్కోసాగాడు. అలా వెతుకుతూ నన్నూ లాగాడు. "షుగరు మాత్రలు అమ్ముతావు, మింగుతావు. రా బావా, నాతో రా, సగం మాత్రలు ఇడ్సిపెడ్తువు" అన్నాడు. నా షుగరు నిజంగానే తగ్గింది. అందుకని మానలేకపోయాను.

ఆదివారం పొద్దున పెనుకొండలో కలుసుకునేవాళ్లం. నేను కారు వెనక సైకిలు కట్టుకుని వచ్చేవాణ్ని. ధర్మవరం నుంచి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పొద్దుటి షిఫ్టువాళ్లను తెచ్చే వ్యాను డ్రైవరు బావ వీధివాడే. అతను బావనూ సైకిలునూ దారిలో దించి పోయేవాడు. అక్కడి నుంచి తారురోడ్డు మీద కొండెక్కేవాళ్లం. ఎక్కేటప్పుడు ఇద్దరికీ సమానమైన ఆయాసమే. దిగేటప్పుడే తేడా. రోడ్డు వదిలేసి, కొండ వెనక మేకలు తొక్కిన సన్నటి దారిలో దిగడం బావకు సరదా. నాకు మాత్రం ఆ దారి మొదట్లోనే నోరు ఎండిపోయేది. బ్రేకుల మీద వేళ్లు ఎంత గట్టిగా బిగించేవాణ్నంటే సోమవారం షాపులో మాత్రల అట్ట చించడానికి కూడా నొప్పి పుట్టేది.

ఆ దారి సగంలో ఒక బండ ఉంది. రెండు బస్సులంత పొడుగు, ఏటవాలు, నున్నటి రాయి. పైన నిలబడితే కింది అంచు కనబడదు. బావ ఆగకుండా దాని మీదుగా దిగిపోయేవాడు. నేను ప్రతిసారీ సైకిలు దిగి, పక్కనున్న పొదల్లోంచి నడిపించుకుంటూ వెళ్లేవాణ్ని. బావ కింద నిలబడి నవ్వేవాడు.

"ఏం బావా, పెండ్లికూతుర్ని పిల్చకొచ్చినట్ల తెస్తాండావే దాన్ని!"

నేనూ నవ్వేవాణ్ని.

పోయిన సీతాఫలాల కాలంలో ఒక ఆదివారం. ముందు రాత్రి గట్టి వాన పడింది. కొండ మీద రోడ్డు వదిలే చోట దారికి అడ్డంగా నల్లటి పెంట కనబడింది. దాని నిండా సీతాఫలం గింజలు. తడిగా మెరుస్తున్నాయి.

"ఎలుగొడ్డు" అన్నాడు బావ. "కాయలు తిని పోయింటాది."

"పోయిందని నీకెవరు చెప్పిరి? రోడ్డు మీదనే దిగుదాం పా, బావా."

"దానికి మనతో ఏం పని? పొద్దెక్కితే అది రాళ్ల సందులోకి పోతాది. రా గమ్మున" అని ముందుకు పోయాడు. వెనకాలే వెళ్లాను. ఒంటరిగా వెనక్కి పోవడం కంటే అతని వెనక పోవడమే తక్కువ భయమనిపించింది.

వాన దారిని కోసేసింది. గరుసు కొట్టుకుపోయి ఎక్కడికక్కడ చిన్న గండ్లు పడ్డాయి. బండ ఇంకా కొంత దూరంలో ఉందనగా బావ ముందు చక్రం ఒక గండిలో దిగి ఆగిపోయింది. బావ ఆగలేదు. హ్యాండిల్ మీదుగా పోయి కుడిపక్కకు రాతి మీద పడ్డాడు. అరవలేదు. నవ్వుతున్నాడేమో అనుకుంటూ దగ్గరికి పోయాను. నోరు తెరిచి ఉంది గాని లోపల్నుంచి శబ్దం రావడం లేదు.

కుడి పాదం బయటికి తిరిగిపోయి ఉంది. కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా కనబడింది. అది చూడగానే నాకు సంగతి అర్థమైంది. అరవై ఒకటో ఏట ఆ ఎముక విరిగితే ఏమవుతుందో నా షాపుకు వచ్చేవాళ్ల ముఖాల్లో చూసినవాణ్ని.

"లేపు బావా" అన్నాడు, ఊపిరి తిరిగాక.

"కదలద్దు. అస్సలు కదలద్దు."

నా ఫోనులో సిగ్నల్ లేదు. బావ ఫోను అతని కిందే పడి పగిలింది. చివరికి బావే అన్నాడు.

"నువ్వు పో. కింద చేన్లల్లో మనుషులుంటారు. బిర్నే పో."

వెనక్కి ఎక్కి రోడ్డుకు చేరాలంటే గంట పైనే పడుతుంది. కిందికే దగ్గర. నా హెల్మెట్టు తీసి అతని తల కింద పెట్టాను. నీళ్ల సీసా అందేలా పెట్టాను. లేవబోతుంటే నా ప్యాంటు పట్టుకున్నాడు.

"ఒక రాయి ఇచ్చిపో."

ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. పిడికిలికి పట్టే రాయి ఒకటి వెతికి ఇచ్చి, అతని సైకిలును చేతికందేలా అతని పక్కకు లాగి పెట్టాను. తర్వాత నా సైకిలెక్కి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు.

బండ దగ్గరికి వచ్చి చూస్తే పక్కదారి లేదు. నేను ఎప్పుడూ నడిచే పొదల మధ్య వాననీరు నిలువులోతు గండి కొట్టింది. ముళ్లచెట్టు ఒకటి అడ్డంగా కూలి ఉంది. మిగిలింది బండ ఒక్కటే. బావ ప్రతి ఆదివారం దిగిన దారే. తడి ఇంకా ఆరలేదు.

పెడల్ మీద కాలు పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. ముందు చక్రం అంచు దాకా పోయి ఆగింది, నేనే ఆపాను. నేనూ పడితే, ఇద్దరం ఇక్కడ ఉన్నామని ఎవరికి తెలుస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నిజమే. కాని నేను ఆగింది ఆ మాట వల్ల కాదు. నాకు భయమేసింది, అంతే.

అప్పుడు పైనుంచి చప్పుడు మొదలైంది. టంగ్, టంగ్, టంగ్. రాతితో సైకిలు కమ్మీని కొడుతున్నాడు. నన్ను పిలుస్తున్నాడా? పొదల్లో ఏదైనా కదిలిందా? "బావా!" అని అరిచాను. జవాబు లేదు, చప్పుడు మాత్రం ఇంకా జోరుగా వచ్చింది. పైకి పరుగెత్తాలి, లేకపోతే కిందికి దిగాలి. రెండూ చేయలేదు. బండ అంచున సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో చెప్పలేను.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

అది ఆగాక వచ్చిన భయం ముందు ఏ భయమూ లెక్కలోది కాదు. చెవులు రిక్కించి విన్నాను. పక్షులు కూడా అరవడం లేదనిపించింది. నిజం చెప్పాలంటే, అప్పుడు పైకి వెళ్లి చూసే ధైర్యం నాకు లేదు. సైకిలును బండ మీదికి వదిలేశాను. అది పల్టీలు కొట్టుకుంటూ కిందికి పోయింది. నేను కూర్చుని, అరచేతులు రాతికి ఆనించి, చిన్నపిల్లవాడిలా జారుకుంటూ దిగాను. ప్యాంటు చిరిగింది, అరచేతులు గీరుకుపోయాయి. కింద సైకిలు చైను ఊడిపోయి ఉంది. నిమిషంలో ఎక్కించే చైనును ఎన్నిసార్లు ఎక్కించినా వేళ్లలోంచి జారిపోయింది. చివరికి చైను పళ్లకు పట్టుకుంది. ఏడుస్తూ తొక్కాను.

కొండ పాదం దగ్గర ముగ్గురు ఆడవాళ్లు సీతాఫలాలు కోస్తున్నారు, హైవే పక్కన పెట్టి అమ్ముకునేవాళ్లు. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దామె నన్ను చూసి గంప దించింది.

"ఏమప్పా, పడితివా?"

"మా బావ... పైన... కాలు ఇరిగింది. ఎలుగొడ్డు ఉండాది."

ఆమె ఇంకేం అడగలేదు. ఒకామెను రోడ్డు మీదికి పోయి అంబులెన్సుకు ఫోను చేయమంది. చేని వైపు తిరిగి మగవాళ్లను కేకేసింది. నలుగురు వచ్చారు. దుప్పటి, రెండు గడకర్రలు తెచ్చారు. పెద్దామె ఒక రేకు డబ్బా తీసుకుని దాన్ని వాయిస్తూ ముందు నడిచింది.

"భయం లేదామ్మా మీకు?" అని అడిగాను.

"దానికి భయపడితే మేం కాయలు యాడ కోసుకోవల్ల?"

వాళ్లు బండకు రెండో పక్కనున్న రాళ్లు పట్టుకుని చకచకా ఎక్కిపోయారు. నేను వెనకబడ్డాను. అలసట వల్ల కాదు. అక్కడ ఏం చూడాల్సి వస్తుందోనని అడుగులు చిన్నవి వేశాను. మొదట పోయినవాళ్లు చూసి, నాకు చెప్తే చాలనుకున్నాను.

"ఉండాడప్పా! కండ్లు తెర్సుకోనే ఉండాడు!" అని పైనుంచి పెద్దామె కేక.

అక్కడే దారి మీద కూలబడ్డాను.

దుప్పటిలో వేసి దించుతుంటే ప్రతి కుదుపుకూ బావ నా మణికట్టు పట్టుకుని నలిపేశాడు. అతని చేతివేళ్ల చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. ఎలుగుబంటి నిజంగానే వచ్చిందని పెనుకొండ ఆసుపత్రిలో చెప్పాడు. పొద అవతల నిలబడి ముక్కుతో గాలి పీల్చిందట. చేతిలో సత్తువ ఉన్నంతసేపూ కొట్టాడు. అది పోయిందో లేదో తెలియకుండానే చెయ్యి పడిపోయింది. మేం వచ్చేదాకా పొద వైపే చూస్తూ పడుకున్నాడట.

అనంతపురంలో ఆపరేషన్ చేశారు. వరండాలో నా భార్య అడిగింది.

"అంతసేపు యాలయ్యె నీకు? మా అన్న ఒక్కడే ఉండాడంట గదా."

"వానకు దారి పోయిండె" అన్నాను. అబద్ధం కాదు. అయినా ఆ రోజు నుంచి ఆమె ముఖం సరిగా చూడలేకపోయాను.

బావ నాకు తెలిసిన కథల్లాగా మూడో నెలలో పోలేదు. వాకరు పట్టుకుని లేచాడు. మగ్గం మాత్రం ఎక్కలేకపోయాడు. గుంతలోకి కాలు దించాలంటే తుంటి ఒప్పుకోదు. ఇప్పుడు కొడుకు నేస్తున్నాడు, బావ కూర్చుని పట్టుదారం కండెలు చుడుతున్నాడు. సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం ఆ గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పేశాను.

"బండ మింద నేను సైకిల్ దిగించలేదు బావా. శానాసేపు నిలబడింటి. కూచోని జారుకుంటా దిగితి."

అతని చేతిలో రాట్నం ఆగింది.

"నేను కొట్టిన సప్పుడు ఇనపడెనా?"

"ఇనపడె."

"ఆగినప్పుడు?"

"ఆన్నే ఉంటి. పైకి రాల్యా."

కోపం వచ్చిందని అతని చెవుల ఎరుపు చూసి తెలుసుకున్నాను. తెగిన పోగు ఒకటి ముడివేసి, నన్ను చూడకుండా అన్నాడు.

"నాకూ ఆ బండంటే పానం పోతాండె."

"మరి ప్రతిసారీ దిగుతాంటివే?"

"నువ్వు సూస్తాంటివి గదా."

"నన్ను ఎగతాళి చేస్తాంటివి!"

"ఇంగేం సేయల్ల?" అని మళ్లీ రాట్నం తిప్పాడు. మేమిద్దరం దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. నా భార్యకు మాత్రం ఆ సాయంత్రం రైల్లో మొత్తం చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెనుకొండ స్టేషను దాటాక, "ఇంగ కొండలొద్దు, ఇద్దరికీ" అంది. ఒప్పుకున్నాను.

నేను ఇప్పుడు హిందూపురం చుట్టూ చదునైన రోడ్ల మీదే తొక్కుతాను. చిన్న వంతెన దిగువ వచ్చినా వేళ్లు వాటంతటవే బ్రేకులు నొక్కేస్తాయి.

పోయిన నెల ధర్మవరం వెళ్తే బావ తన సైకిలు బయటికి తెమ్మన్నాడు. వ్యాయామానికి వాడే కదలని సైకిలు ఇంట్లో తొక్కవచ్చని మాత్రమే డాక్టరు అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. సీటు కిందికి దించి, వీధిలో గోడ పక్కన ఎక్కించాను. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కుడికాలు పెడల్ మీద పెట్టడానికి అతను చేత్తో మోకాలు ఎత్తుకోవాల్సి వచ్చింది.

"ఇడ్సద్దు బావా" అన్నాడు మెల్లగా, నాకు ఒక్కడికే వినపడేట్టు.

ఒక చేత్తో సీటు, ఒక చేత్తో అతని భుజం పట్టుకుని నడిచాను. వీధి చివర దాకా పోయాం. తిప్పుకుని వెనక్కి వచ్చాం. దిగాక అతని చొక్కా తడిసిపోయి ఉంది, నాదీ అంతే. సైకిలును గోడకు ఆనించి ఇద్దరం అరుగు మీద కూర్చుని నీళ్లడిగాం.