ఘాట్ ఎక్కనన్న బండి

ఆ చలికాలం మొదట్లో నా పికప్ బండికి బలం తగ్గింది. తాండూరులో పాలిష్ బండలు ఎక్కించుకుని వికారాబాద్ వస్తుంటే, చదును రోడ్డు మీద బాగానే నడిచేది. అనంతగిరి ఎత్తు మొదలుకాగానే ఎంత తొక్కినా వేగం పడిపోయేది. మూడో గేరు, రెండో గేరు, చివరికి ఒకటి. వెనక నల్లటి పొగ. ఆటోలు కూడా నన్ను దాటిపోయేవి.

పాత బండి. వికారాబాద్‌లో మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. అయినా తేడా లేదు. "ఇంజన్ అరిగిందన్నా, దించాల్సిందే" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

నిజం చెప్పాలంటే ఆ నెమ్మది నాకు అలవాటైంది. పొద్దున్నే పొగమంచులో, మనిషి నడిచే వేగంతో అడవి మధ్య పైకి పోతుంటే, నేను కదులుతున్నానో చెట్లే వెనక్కి పోతున్నాయో తెలిసేది కాదు. ఏళ్లుగా పోయే దారే, ఎవరో కలలో చూపిస్తున్నట్టుండేది. అద్దం దించుకుని వింటూ పోయేవాణ్ణి. పిట్టల కూతల మధ్య ఇంకో చప్పుడు, పళ్ల సందుల్లోంచి గాలి వదిలినట్టు సన్నగా, సుయ్‌మని. అది ఎత్తు మీద మాత్రమే వచ్చేది.

ఒకరోజు తాండూరులో లోడు ఎక్కాక ఆ సంగతి చాచాకు చెప్పాను. చాచా నాకు మొదట్లో బండి రిపేరు నేర్పిన ముసలి మెకానిక్. షెడ్డు మూసి చాలా ఏళ్లయింది.

"నిలవెట్టి రేస్ జేస్తే ఆ సప్పుడు వస్తదా?" అని అడిగాడు.

"రాదు చాచా. లోడుతోని ఎత్తెక్కితేనే."

"అయితే ఇంజన్ ఫికర్ జెయ్యకు. గాలి ఎక్కడ్నో పోతున్నది."

బానెట్ ఎత్తి, గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి ఇంజన్‌కు ఆ గాలి మోసే లావుపాటి రబ్బరు పైపు కిందికి చెయ్యి పోనిచ్చి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. తర్వాత చెయ్యి తీసి చూపించాడు. వేళ్లకు నూనెలో తడిసిన బండల దుమ్ము.

"సూడు బేటా. పైపంత పొడిగున్నది, గీడ ఒక్కకాడనే తడి."

పైపు వంచితే అడుగున వేలెడంత చీలిక నోరు తెరిచింది. ఊరికే ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. బరువు లాగేటప్పుడు లోపలి గాలి, కాస్త నూనె తుంపరతో సహా, దాన్ని తెరుచుకుని బయటికి పోతుంది.

"గాలి సాల్తలేదు, డీజిల్ మంచిగ కాల్తలేదు. గందుకే నల్ల పొగ" అన్నాడు.

కొత్త పైపు బిగించాక, "నేను గూడ వస్త పా, బస్సుల తిరిగొస్త" అని పక్కన కూర్చున్నాడు.

ఘాట్ మొదలైంది. మూడో గేరు నుంచి దించనే లేదు. చప్పుడు లేదు, పొగ లేదు.

"గుంజుతున్నది చాచా!" అని అరిచాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

పైకెక్కాక, "జర ఆపు" అన్నాడు. దిగి రోడ్డంచున నిలబడ్డాడు. కింద అడవి ఎండలో లేతగా ఆవిరి చిమ్ముతోంది.

"ఎన్ని బండ్లు జేసి గీ ఘాట్ ఎక్కిచ్చిన్నో. నేను జేసిన బండిల కూసోని ఎక్కుడు గిదే మొదలు" అన్నాడు.

నేను ఇంజన్ ఆపేసి దిగి, ఆయన పక్కన నిలబడ్డాను.