పాలు మాన్పించే పెంచలమ్మ

ఇంట్లోంచి కదిలే ముందు పెంచలమ్మ బిడ్డను ఎడమ చంకన వేసుకుంటుంది. పైట కొంగును బిడ్డ నడుము చుట్టూ తిప్పి, కుడివైపు బొడ్లో దోపుతుంది. ఒకసారి కుదిపి చూస్తుంది. బిడ్డ జారకపోతే బయలుదేరుతుంది. ఇక కుడి చెయ్యి ఖాళీ. దానితో తలుపు గడియ పెడుతుంది, బస్సు ఆపుతుంది, కాకిని చూపిస్తుంది.

ఏడాదికో రెండేళ్ళకో ఒక కొత్త బిడ్డ ఆ చంక ఎక్కుతుంది. అందరూ బంధువుల బిడ్డలే. తల్లిపాలు మాన్పించమని ఆమె దగ్గర వదిలిపోయిన వాళ్ళే.

పెంచలమ్మ పుట్టిల్లు తోటపల్లి గూడూరు. మెట్టినిల్లు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక పల్లె. కొంచెం వరి ఉంది. మొగుడు హజరత్తయ్య పొలం పని లేనప్పుడు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. ఒక్క కొడుకు కోతమిషను నడుపుతూ సీజనంతా ఊళ్ళ మీద ఉంటాడు. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. బహుశా అందుకే మొదటి బిడ్డను ఆమె దగ్గరికి పంపారు. ఆ బిడ్డ పాలు మరిచి, బువ్వ నేర్చి తిరిగిపోయింది. అప్పటి నుంచి బంధువుల్లో అదొక అలవాటయింది.

మిగతా ఇళ్ళల్లో వేపాకు నూరి పూస్తారు. కలబంద రాస్తారు. పెంచలమ్మకు అది నచ్చదు. నిన్నటి దాకా తియ్యగా ఉన్నది ఈ పొద్దు చేదైతే బిడ్డ ఎవరిని నమ్మాలి అంటుంది. ఆమె పద్ధతి తిప్పడం. తల్లిని ఊరికి పంపేసి బిడ్డను బయట తిప్పుతుంది. పొద్దున చంకనెక్కిన బిడ్డ పొద్దుగూకాక దిగుతుంది. చూసి చూసి కళ్ళు అలిసిపోతాయి. అలిసిన బిడ్డ పాలు అడగకుండా పడుకుంటుంది.

డబ్బు పెట్టి చూపించేవి రెండేళ్ళ బిడ్డకు అక్కర్లేదని ఆమెకు తెలుసు. ఒకసారి తోడికోడలి మనవరాలిని నెల్లూరులో ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయింది. ఆ పిల్ల రంగులరాట్నం ఎక్కనని, దాని కింద తిరిగే బెల్టును చూస్తూ కూర్చున్నది. ఆ తర్వాత పెంచలమ్మ టికెట్టు ఉన్న చోటికి పోలేదు. కోతలు అయిన మళ్ళల్లో బాతుల మందలు దిగుతాయి. గట్టు మీద కూర్చుంటే ఒక పూట గడుస్తుంది. రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్ళు లేచి పడతాయి. అది ఇంకో పూట. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక ఆమె రాజ్యం పెరిగింది. ఆధార్ కార్డు రవికలో పెట్టుకుని మైపాడు దాకా పోయి వస్తుంది. దిగకపోయినా సరే. బిడ్డకు బస్సే ఒక ఊరు.

పోకూడని చోట్లు కూడా ఉన్నాయి. దూడ ఉన్న ఆవు దగ్గరికి పోదు. మేకపిల్లలున్న దొడ్డి పక్కకు పోదు. ఏ ఇంట్లో కూతురు కాన్పుకు వచ్చి ఉందో తెలుసుకుని ఆ వీధి తప్పిస్తుంది. పాలు తాగే నోరు బిడ్డ కంట పడకూడదు.

"దీనికి ఇంత చుట్టు తిరుగుడు ఎందుకే," అంటాడు హజరత్తయ్య. "నువ్వు బిడ్డను తిప్పుతుండావా, బిడ్డ నిన్ను తిప్పుతుందా?"

"నీకేం తెలుసు. నువ్వు పెద్దయ్యేదాకా మీ అమ్మ కొంగు వదల్లేదంట."

"ఆ మాట మా అమ్మ చెప్పిందా?"

"ఊరు చెప్పింది."

ఈసారి వచ్చినవాడు సాయి. పూర్తి పేరు పెంచల సాయి. అక్క కూతురు అనూష కొడుకు, ఊరు అల్లూరు. రెండేళ్ళు దాటాయి, పళ్ళన్నీ వచ్చాయి, పరుగెత్తుతాడు. బువ్వ మాత్రం ముట్టడు. ముద్ద నోట్లో పెడితే నాలుకతో నెట్టేస్తాడు. అమ్మ కావాలి, అమ్మ పాలు కావాలి.

అనూషకు నెల్లూరులో ఒక బట్టల షాపులో పని దొరికింది. ఎప్పుడో చేరాల్సింది, బిడ్డ కోసం ఒకసారి గడువు అడిగింది. ఇంకోసారి అడిగితే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. సోమవారం చేరాలి. బిడ్డను పగలు అత్త చూసుకుంటుంది. కాని ఆమె ఒకటే మాట చెప్పింది.

"బువ్వ తినే బిడ్డనైతే చూస్తా. పాలకు ఏడ్చే బిడ్డను నేను పట్టలేను."

అందుకని అనూష సాయిని తెచ్చి పెంచలమ్మ చంకకు ఇచ్చి, వెనక్కి చూడకుండా పోయింది. వెనక్కి చూడొద్దని పెంచలమ్మే చెప్పింది. ఫోన్ కూడా బిడ్డ పడుకున్నాకే చెయ్యాలి.

బాతులు అయ్యాయి. ఏరేటర్లు అయ్యాయి. కాలువ వంతెన మీద నిలబడి కింద పోయే గుర్రపుడెక్కను చూడటం అయింది. సాయి అన్నీ చూశాడు. చూసి, పొద్దుగూకే వేళకు "అమ్మ పాలు" అన్నాడు. గ్లాసులో పాలు ఇస్తే కొంచెం తాగాడు. బువ్వ ఉమ్మేశాడు. వారం చివరికి వచ్చింది, పెంచలమ్మ దగ్గర చూపించడానికి సముద్రం ఒక్కటే మిగిలింది.

శనివారం పొద్దున మైపాడు బస్సెక్కారు. కండక్టరు మస్తానయ్యకు ఆమె కొత్త కాదు.

"ఈసారి ఎవురి బిడ్డక్కా?"

"మా అక్క మనవడు."

"పాలేనా?"

"పాలే."

"ఎట్టుండాడు?"

"మొండోడు."

మస్తానయ్య సాయి వైపు వంగి చూశాడు. సాయి అతని విజిల్ పట్టుకున్నాడు. "ఇది వదలరా అబ్బయ్యా, బస్సు నాది కాదు, గవర్నమెంటుది," అన్నాడు మస్తానయ్య. బస్సంతా నవ్వింది. సాయి విజిల్ వదిలేసరికి ఒక ఊరు దాటిపోయింది.

మైపాడులో అందరూ పోయే వైపు పెంచలమ్మ పోలేదు. అక్కడ గుర్రాలు, ఐస్‌క్రీములు, ఫోటోలు. అవి చూస్తే బిడ్డ అడుగుతుంది. ఆమె పడవలున్న వైపుకు నడిచింది. అక్కడ నాగులమ్మ ఉంటుంది. నాగులమ్మ గంపతో పెంచలమ్మ ఊరికి చేపలు అమ్మడానికి వస్తుంది, ఇద్దరికీ ఏళ్ళ నాటి పరిచయం.

పెద్ద వల వేసి ఉన్నారు. ఒడ్డున రెండు తాళ్ళ దగ్గర మనుషులు వరసగా నిలబడి వెనక్కి లాగుతున్నారు. నాగులమ్మ మొగుడు ఆదెయ్య ముందు నిలబడి అదలిస్తున్నాడు. పెంచలమ్మ సాయిని కిందికి దించింది. వాడు ఇసుకలో నిలబడి, అలను చూసి, తాడును చూశాడు. పోయి తాడు చివర పట్టుకున్నాడు.

"ఒరే, మనకో మనిషి పెరిగినాడురా," అన్నాడు ఆదెయ్య. "ఇంక మీరు కూర్చోవచ్చు."

తాడు కదిలితే సాయి కదిలాడు. పడ్డాడు. లేచాడు. మళ్ళీ పట్టుకున్నాడు. ఆ చివర వాడు పట్టినా పట్టకపోయినా వల వస్తుంది. వాడి మొహం చూస్తే మాత్రం వాడే లాగుతున్నట్టు ఉంది. పెంచలమ్మ కొంగు దులుపుకుని కూర్చున్నది. సముద్రం దగ్గర ఆవులు లేవు, మేకలు లేవు. ఇంత మంచి చోటుకు మొదటే ఎందుకు రాలేదనుకుంది.

వెనక పడవ నీడలో నాగులమ్మ కోడలు ఉష ఉంది. ఒళ్ళో ఆర్నెల్ల బిడ్డ. ఆమెను పెంచలమ్మ చూడలేదు. సాయి చూశాడు.

వాడు తాడు వదిలేశాడు. నేరుగా పోయి ఉష ముందు నిలబడ్డాడు. బిడ్డ పాలు తాగుతున్నది. సాయి కింది పెదవి వణికింది.

"అమ్మ పాలు," అన్నాడు.

పెంచలమ్మ లేచి పరుగెత్తింది. ఉష నవ్వుతున్నది.

"ఏం అబ్బయ్యా, నీక్కావాల్నా? దా, ఈ పక్క ఖాళీగా ఉండాది."

"వద్దు తల్లీ," అన్నది పెంచలమ్మ. "నీకు పుణ్యముంటది, కప్పుకో. వారం నుంచి తిప్పుతుండా."

"ఒక్క గుక్క తాగితే ఏమవతాది పెద్దమ్మా?"

"వాళ్ళమ్మ ఉద్యోగం పోతాది."

ఉష కొంగు కప్పుకుంది. సాయి ఏడుపు ఎత్తుకున్నాడు. పెంచలమ్మ వాడిని చంకన వేసుకుని అలలు చూపించింది, పడవ చూపించింది, కుక్కను చూపించింది. వాడు ఏదీ చూడలేదు. ఇంతలో వల సంచి ఒడ్డుకు వచ్చింది. అరుపులు, తోపులాట, ఎగిరే చేపలు. సాయి ఏడుస్తూనే అటు తిరిగాడు.

చేపలు వేరు చేశారు. ఆదెయ్య ఇసుక మీద కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు. తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒక కుప్ప. అది ఆ ఒడ్డు కట్టుబాటు. చివర ఒక చిన్న కుప్ప పెట్టాడు. గుప్పెడు నెత్తళ్ళు, వాటి మీద ఒక కానాగంత చేప.

"ఇది మన కొత్త మనిషిది," అన్నాడు.

పెంచలమ్మ రైతు ఇంటి మనిషి. కళ్ళంలో చిన్నబిడ్డ వడ్లు చల్లి ఆడుకుంటే ఎవరూ కూలి ఇవ్వరు, ఇచ్చినా ఎవరూ తీసుకోరు. పెద్దరికంగా ఉంటుందని, వంగి ఆ చేపలు ఎత్తి పెద్ద కుప్పలో వేయబోయింది.

"వద్దులే ఆదెయ్యన్నా. చిన్నబిడ్డ పట్టిందేముంది."

నాగులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"దాన్ని కదిలించబాక," అన్నది నాగులమ్మ. "పెట్టిన కుప్ప తిరిగి కలిపితే రేపు వల ఖాళీగా వస్తాది."

"మీ ఇళ్ళల్లో ఇట్నే కూలి ఇచ్చి వెనక్కి తీసుకుంటారేమో," అన్నాడు ఆదెయ్య. "ఈడ ఆ పద్ధతి లేదు."

పెంచలమ్మ మొహం వేడెక్కింది. చేతిలో చేప చేతిలోనే ఉంది. అప్పుడు చంకలో నుంచి సాయి చెయ్యి వచ్చింది. కానాగంత తోక పట్టి లాగాడు.

"నాది," అన్నాడు.

ఆదెయ్య నవ్వాడు. "అదిగో. అడగాల్సినోడు అడిగినాడు."

అందరూ నవ్వారు. పెంచలమ్మ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా. సాయి చేపను పొట్టకు ఆనించుకున్నాడు. ఏడుపు ఎక్కడ ఆగిందో ఎవరూ గమనించలేదు. ఎవరు అడిగినా చేపను ఇవ్వలేదు. చివరికి నాగులమ్మ అడిగింది.

"నీదేలే నాయనా. నేను కాల్చి ఇస్తా. నువ్వే తినాల. సరేనా?"

వాడు ఆలోచించి ఇచ్చాడు. నాగులమ్మ కారం లేకుండా కాల్చి, వేడి బువ్వతో కంచంలో పెట్టి తెచ్చింది. పడవ నీడలోనే కూర్చున్నారు. పెంచలమ్మ ముళ్ళు తీసి, చేపను బువ్వలో కలిపి ముద్ద చేసింది. సాయి ముద్దను చూశాడు. అందులో తన చేప ఉందో లేదో చూశాడు. నోరు తెరిచాడు.

పక్కనే ఉష బిడ్డ మళ్ళీ పాలకు ఏడ్చింది. ఉష పెంచలమ్మ వైపు చూసింది. బిడ్డను ఎంతసేపు ఏడిపిస్తుంది, పాలిచ్చింది. సాయి నమలడం ఆపి అటు చూశాడు. పెంచలమ్మ చేతిలో ముద్ద ఆగింది.

వాడు ఇటు తిరిగి నోరు తెరిచాడు.

తిరుగు బస్సులో సాయి నిద్రపోయాడు. ఒళ్ళంతా చేపల వాసన. మస్తానయ్య ముక్కు మూసుకుని, "ఏందక్కా, పాలు పోయి నీసొచ్చిందే," అన్నాడు. పెంచలమ్మ ఆ మాటకు చాలాసేపు నవ్వుకుంది. సాయి ఇంట్లో లేచి మళ్ళీ బువ్వ తిన్నాడు. అమ్మను అడగలేదు. పడుకున్నాడు.

అప్పుడు అనూష ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, తిన్నాడా?"

"తిన్నాడమ్మా. రెండు పూటలా."

అనూష మెల్లగా అడిగింది.

"నన్ను అడిగినాడా? ఏడ్చినాడా?"

పెంచలమ్మకు ఆ గొంతు అర్థమయింది. ఇంతకు ముందు తల్లులూ అలాగే అడిగారు. వాళ్ళకు చెప్పినట్టే చెప్పింది.

"అడక్కుండా ఉంటాడా. బాగా ఏడ్చి, నీ పేరే తలుచుకుంటా పడుకున్నాడు."

మిగతా తల్లులు ఆ మాట విని కుదుటపడ్డారు. అనూష వేరే రకం మనిషి.

"అంత ఏడస్తుండాడా? వద్దులే చిన్నమ్మా. ఆ షాపూ వద్దు, ఏమీ వద్దు. పాలు నిలిచి నాకూ నొప్పిగా ఉంది. రేపు మొదటి బస్సుకే వచ్చి తీసుకుపోతా."

పెంచలమ్మ ఏదో అనబోయింది. ఫోన్ పెట్టేసింది అనూష. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"బిడ్డకు మాన్పించినావు. తల్లికి మాన్పించడం మరిచిపోయినావు," అన్నాడు మంచం మీద నుంచి హజరత్తయ్య.

ఆదివారం తెల్లవారాక పెంచలమ్మ సాయికి బువ్వ తినిపించి, మొగుడి భుజానికి ఎక్కించి ఏరేటర్ల దగ్గరికి పంపింది. పూలమ్మే ఆమె దగ్గర మల్లెమొగ్గలు ఆకులో కట్టించుకుంది. రోడ్డు మీదికి పోయి నిలబడింది. నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. అనూష దిగడానికి మెట్టు దగ్గర ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెంచలమ్మ ఆమెను దిగనివ్వలేదు, తానే ఎక్కి, చెయ్యి పట్టి మళ్ళీ సీటులో కూర్చోబెట్టింది. బస్సు కదిలింది.

"వాడేడీ?"

"మీ చిన్నాయన దగ్గరుండాడు. కడుపునిండా తిన్నాడు." పట్టిన చెయ్యి వదలకుండా చెప్పింది. "రాత్రి నీతో అబద్ధం చెప్పినా. వాడు ఏడవలేదు. నిన్ను అడగలేదు."

అనూష ఆమెను చూసింది. కిటికీ వైపు తిరిగింది. బయట మళ్ళల్లో బాతులు దిగుతున్నాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. పెంచలమ్మ ఆకు పొట్లం ఒళ్ళో పెట్టింది.

"రవికలో పెట్టుకో. పాలు వెనక్కి పోతాయి. సోమవారానికి నొప్పి తగ్గుతాది."

"ఇప్పుడు యాడికి పోతుండాం చిన్నమ్మా?"

కండక్టరు దగ్గరికి వచ్చాడు.

"మైపాడు, రెండు," అన్నది పెంచలమ్మ.